పరనగరమున పరుగుపందెము

దేశాటనము విద్యకు తోడని పెద్దలు చెప్పుచుందురు. అయితే దేశాటనమునే పరుగుపందెముగా మార్చి, ఆ పరుగును ఇంటింటి టెలివిజను పెట్టెలలో చూపి, ముందుగా గమ్యము చేరిన జంటకు పదిలక్షల డాలరులు బహుమానముగా నిచ్చు ఆట యొకటి అమెరికాదేశమున నిరువదియేండ్లకు పైబడి సాగుచున్నదని మాలో ననేకులకు నిన్న మొన్నటివరకు తెలియదు. దాని పేరు ‘ది అమేజింగ్ రేస్’. ఆశ్చర్యకరమైన పందెమని దాని యర్థము. మా ఆంగ్లోపాధ్యాయినిగారు, పరభాష మా చెవులకు కొంత అలవాటు పడవలెనను తలంపుతో, వసతిగృహపు భోజనశాలలో శనివారపు రాత్రులందు దీనిని మాకు చూపుట కారంభించిరి. భాష యెంతవరకు పట్టుపడెనో పరీక్షాపత్రములు చెప్పగలవు. కాని యీ పందెమునుగూర్చి మా పదవతరగతివారిలో పుట్టిన వాదములు మాత్రము దీపములార్పిన తరువాతకూడ తెగలేదు. వానిని వార్షికసంచికకు వ్రాయుడని పంతులుగారు సెలవిచ్చినందున మేమందరము కూడి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఆట తీరు చెప్పవలెను. సి.బి.యస్. అను ప్రసారసంస్థవారు దీనిని 2001వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన మొదటిసారి చూపిరి. ఆరు దినములైన పిమ్మట న్యూయార్కు నగరమున జంటసౌధములను విమానములతో కూల్చిన ఘోరము జరిగెను. విమానములెక్కి లోకమును చుట్టివచ్చు వినోదము ఆ దినములలో నెవరికి రుచించును? అయినను ఆట నిలిచినది. నిలుచుటయే కాదు, ఇట్టి పోటీకార్యక్రమములకిచ్చు ఎమ్మీ బహుమానమును 2003 మొదలు 2009 వరకు వరుసగా ఏడుమారులు పొందినది. దీనిని కల్పించినవారు ఎలీజ్ డోగనియేరి, బెర్ట్రమ్ వాన్ మున్‌స్టర్ అను దంపతులు. ఆమె చదువు ముగించిన కాలమున స్నేహితురాలితో కూడి యూరపుఖండము తిరిగి, దారిలో కలహించి, మరల కలిసికొనెనట. ఆ యనుభవమే ఈ ఆటకు బీజమని చెప్పుదురు. ఇది తెలిసిన పిమ్మట మాకొక సంగతి బోధపడినది. ఈ ఆటలో పరీక్షింపబడునది కాళ్ల బలము కాదు. ఇద్దరి నడుమనున్న పొత్తు.

పందెగాండ్రు సాధారణముగా జంటలు జంటలుగా నుందురు. భార్యాభర్తలు, తల్లీకొడుకులు, అక్కచెల్లెండ్రు, మిత్రులు, ఇట్లు. వారివెంట చేతిసంచులు తప్ప వేరు సామాను లేదు. సొంతధనము ముట్టరాదు, టెలిఫోను ఉండరాదు. ప్రతి మజిలీ మొదట కొంత రొక్కము చేతికిచ్చి, ఒక కవరు నిత్తురు. కవరు చింపిచూచిన గాని పోవలసిన చోటు తెలియదు. అచ్చటికి పోయి, అచ్చటి జనులు నిత్యము చేయు పని యొకటి చేసి, మరియొక కవరు సంపాదింపవలెను. ఒకచోట రెండు పనులలో నొకదానిని తామే యెంచుకొనవచ్చును. మరియొకచోట జంటలో నొకరే చేయవలెను, రెండవవారు దూరమున నిలిచి చూడవలసినదే. మజిలీ చివర ఒక చాప పరచియుండును. దానిపై న్యూజిలాండు దేశస్థుడగు ఫిల్ కోగన్ అను ఆయన నిలిచియుండును. కడపట వచ్చినవారితో, అప్పుడప్పుడు క్షమించి విడిచిపెట్టుట తప్ప, మీ పందెము ముగిసినదని చెప్పును. చెప్పుటకు ముందు ఆయన ఊరకుండు ఆ నాలుగు క్షణములు పరీక్షాఫలితములు గోడకంటించు దినమువంటివి.

ఆయన ప్రక్కన ప్రతిమజిలీయందును ఆ దేశపు మనుష్యుడొకడు గాని స్త్రీ గాని తమ దేశపు దుస్తులు ధరించి నిలిచియుందురు. మా దేశమునకు స్వాగతమని యొక్కమాట చెప్పుదురు; అంతటితో వారి పని సరి. మాలో నొక చిన్నది, “వాళ్ల పేరేంటో ఎవరూ అడగరేం?” అని మొదటి రాత్రియే ప్రశ్నించెను. అప్పుడు నవ్వితిమి. తరువాత మా వాదములన్నియు ఆ ప్రశ్నచుట్టునే తిరిగినవి.

లోకమును పందెముగా చుట్టుట క్రొత్తసంగతి కాదు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ఎనుబది దినములలో భూప్రదక్షిణము చేసిన పెద్దమనిషి కథ వ్రాయగా, దానిని నిజముచేసి చూపుదునని నెల్లీ బ్లై యను పత్రికావిలేఖకురాలు 1889వ సంవత్సరము నవంబరు 14వ తేదీన చేతిసంచి యొకటి పట్టుకొని అమెరికానుండి తూర్పుదిక్కుగా బయలుదేరెను. అదే దినమున ఎలిజబెత్ బిస్లాండ్ అను మరియొక విలేఖకురాలిని వేరొక పత్రికవారు పడమటిదిక్కుగా పంపిరి. తనకు ప్రతిస్పర్ధి యున్నదను సంగతి నెల్లీ బ్లైకి హాంగ్‌కాంగు చేరువరకు తెలియనే తెలియదు! ఆమె 72 దినములలోను, రెండవయామె 76 దినములలోను తిరిగి చేరిరి. త్రోవలో ఓడ కొరకు కొలంబోలో నైదుదినములు నిలువవలసివచ్చినప్పుడు నెల్లీ బ్లై పడిన తొందర చదివితిమి. కాని మాకు తోచినదేమనగా, ఆ నిలిచిన దినములే గదా ఆమె యొక ఊరును చూచినవి. నేటి పందెగాండ్రకు ఆపాటి యాలస్యముకూడ దొరకదు.

ఇక మేము చూచినవానిలో మా మనస్సుల నంటినవాటిని చెప్పెదము. అన్ని దేశములు చెప్పుకొనుట కీ సంచిక చాలదు.

మొట్టమొదట కంటబడినది టాక్సీ. ఈ పందెమున సగము జయాపజయములు టాక్సీ తోలువాని చేతిలో నున్నవి. ఇద్దరు పందెగాండ్రు వెనుకకూర్చుందురు; వారిని చిత్రించువాడొకడు, శబ్దము పట్టువాడొకడు, వారుకూడ అందులోనే యిరుకుకొనవలెను. ఆ తోలువానికి వీరి భాష రాదు. వీరికి వాని భాష రాదు. అప్పుడు వీరు చేయునదేమి? అదే ఆంగ్లవాక్యమును మరింత బిగ్గరగా చెప్పుదురు! చెవిటివానితో మాటలాడుచున్నట్లు ఒక్కొక్క మాటను విడదీసి అరచుదురు. వాడు తల యూపి, తనకు తోచిన దారిని పోవును. దారి తప్పినదని తెలిసినప్పుడు తిట్టుదురు. ఆ తిట్లు వానికి తెలియకపోయినను స్వరము తెలియకపోదు గదా. వాని ముఖము ఒక్క క్షణము కనబడి మాయమగును. మేమాక్షణమున ఆటను నిలిపి చూపుమని ఉపాధ్యాయినిగారిని కోరితిమి. మాలో కొందరి తండ్రులు ఆటో తోలువారు. వారి బిడ్డలు ఆ ముఖమును మాకంటె బాగుగా చదివిరి.

ఇందుకు మారుగా చిరునవ్వుతో దారియడిగి, ఎదుటివాడు చేసిన సైగలను ఓపికతో గ్రహించి, కృతజ్ఞత చెప్పి పోవువారును గలరు. అట్టివారికి తమ పని మానుకొని మోటారుసైకిలుపై ముందునడచి దారి చూపినవారిని కూడ చూచితిమి. ఆ చూపినవారికి బహుమానములో పాలులేదు. పందెమేమో, ఎందుకో కూడ వారిలో కొందరికి తెలియదు.

పందెము మన దేశమునకు పలుమారులు వచ్చినది. 2006లో చెన్నపట్టణమునకు వచ్చినప్పుడు అచ్చటి వీధులలో మోటారు నడపుట నేర్చుకొనుమని పని పెట్టిరి. మనకు ఎడమవైపు నడక, వారికి కుడివైపు. పైగా మన వీధులలో ఆవు, సైకిలు, బస్సు ఒక్క వరుసను పోవును. భోజనశాల అంతయు నవ్వులతో మారుమ్రోగెను. కాని 2011లో ప్రసారమైన కలకత్తానగరపు మజిలీని చూచి ఎవరును నవ్వలేదు. అచ్చటి పురమందిరమున వరుసలుగా పేర్చిన తేనీటిపాత్రలలో, అంతకుముందు తాము త్రాగిన తేనీరేదియో రుచినిబట్టి కనుగొనవలెను. బొప్పాయి, మామిడి వాసన గల తేనీరది. పందెగాండ్రలో లూక్ అను బధిర యువకుడొకడు, తన తల్లి మార్గీతో వచ్చినవాడు, త్రాగి త్రాగి, తప్పు చెప్పి చెప్పి, తుదకు కన్నీరు పెట్టుకొనెను. తల్లి సహాయము చేయరాదు, నియమము. ఆమె దూరమునుండి చేతిసైగలతో మాత్రము మాటలాడుచుండెను. ఆ చేతులు చెప్పినదేమో మాకు తెలియదు. ఆ రాత్రి వాదము లేదు. ఎవరి పరుపులకు వారు పోయితిమి.

హైదరాబాదు వచ్చిన నాటి సంగతి వేరు. ముప్పదిరెండవ పందెము 2018లో జరిగినను, 2020లో గాని ప్రసారము కాలేదు. అందులో పందెగాండ్రు కజకస్థానునుండి హైదరాబాదునకును, అచ్చటినుండి కంబోడియాకును పోయిరి. మాలో ననేకుల అన్నలు, బాబాయిలు హైదరాబాదులో ఉద్యోగములు చేయుచున్నారు. సెలవులలో మేమును పోయియున్నాము. అట్టి నగరమును పరదేశముగా, వింతగా, భయపడదగినదిగా చూచుట మాకు మిక్కిలి క్రొత్త. మేము పరుగెత్తువారిని చూచుట మానితిమి. వారి వెనుక నిలిచియున్నవారినే చూచుచుంటిమి. మరియొక విశేషము. ఆ జనసమ్మర్దము 2018 నాటిది, ప్రసారమైనది 2020లో. ఆ యేటనే కదా వీధులన్నియు శూన్యములై, మూతులకు గుడ్డలు కట్టుకొని మనమందరము ఇండ్లలో నుంటిమి. ఈ పందెమునకును అదే గతి పట్టినది. ముప్పదిమూడవ పందెము లండను, గ్లాస్గో నగరములలో సాగి, 2020 ఫిబ్రవరిలో మహమ్మారి వలన నిలిచిపోయి, 2021 సెప్టెంబరులో మరల స్విట్జర్లాండున మొదలైనది. లోకమును చుట్టువారు గూడ సంవత్సరమున్నర తమ గడపలు దాటలేదు.

హైదరాబాదును చూచిన మరియొక యాత్రికుని మా తెలుగు పంతులుగారు జ్ఞాపకము చేసిరి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరిరి. దారిలో హైదరాబాదున విడిసిరి. వారి ‘కాశీయాత్రచరిత్ర’ 1838లో అచ్చుపడెను. ఆ పుస్తకము మా గ్రంథాలయమున కలదు. ఏ ఊర విడిదికి చోటున్నది, ఏ ఊర సామాను దొరకును, బాట యెట్లున్నది, అచ్చటివారు ఎట్టివారు, ఇవి వారు వ్రాసినవి. పదునైదు నెలలకు పైగా పట్టిన యాత్ర! పందెగాండ్రు ఒక్క మజిలీలో ముగించి పోయిన నగరము. అయితే వీరాస్వామయ్యగారు పెద్ద పరివారముతో, పల్లకీతో పోయినవారని మాలో నొకడు గుర్తుచేయక మానలేదు. ఆ మాటయు నిజమే. పల్లకీ మోసినవారి పేర్లు ఎవరికి తెలియును?

మాలో మిక్కిలి కలహము పుట్టించినది ఏడవ పందెము. అది 2005వ సంవత్సరమున ముగిసినది. అందులో ఉచెన్నా, జోయిస్ అను దంపతులుండిరి. రాజస్థానమునందలి జోధపురమున వారి ముందొక పని పెట్టబడినది. ఇద్దరును తలలు పూర్తిగా గొరిగించుకొన్నచో, తక్కిన పనులన్నియు మాని నేరుగా మజిలీ చేరవచ్చును. జోయిస్ కంటతడి పెట్టుకొనుచునే తల గొరిగించుకొనెను. మా గృహములలో కొందరు పెద్దలు మ్రొక్కుబడి యని తిరుపతిలో తలనీలాలు ఇచ్చివచ్చినవారే. కనుక బోడితల మాకు వింతకాదు. కాని మ్రొక్కులేక, ఆటకొరకు జుట్టు ఇచ్చుట తగునా యని కొందరు, భర్త తోడుగా నిలిచి ‘నీవు అందముగనే యున్నావు’ అన్నట్లు చూచినప్పుడు అది ఆటమాత్రమే కాదని కొందరు. ఇది చిన్న కలహము.

పెద్ద కలహము చివరి మజిలీలో. వారు అంతకుముందొక చోట కడపటివారుగా వచ్చియు పందెమునుండి తొలగింపబడక, అందుకు శిక్షగా చేతనున్న ధనమంతయు పోగొట్టుకొనిరి. అందుచే దారిపొడుగునను బిచ్చమెత్తుకొనవలసివచ్చెను. మయామీ నగరమున టాక్సీ ఎక్కి ముగింపుచోటు సమీపమునకు వచ్చిరి. కొలదిదూరమున పదిలక్షల డాలరులు. వెనుక ప్రత్యర్థులు తరుముకొని వచ్చుచున్నారో, ముందే పోయినారో తెలియదు. టాక్సీవానికి ఇయ్యవలసిన సొమ్ములో కొంత తక్కువ పడెను. వారు పరుగెత్తిపోలేదు. వీధిన పోవువారి నొక్కొక్కరిని వేడుకొని, తక్కువపడిన సొమ్ము కూడబెట్టి, వాని చేతికిచ్చిన పిదపనే పరుగెత్తిరి. గెలిచిరి.

మాలో మగపిల్లలు కొందరు, “ముందు గెలిచి, తరువాత ఆ పదిలక్షలలోనుంచి పదింతలు ఇస్తే సరిపోను గదా” అనిరి. లెక్కకు సరియైనమాటే. మరికొందరు, ఓడిపోయినచో నేమి యిత్తురని యడిగిరి. ఒకడు మంచి సమరయుని ఉపమానమును తెచ్చెను. పూటకూళ్లవానికి రొక్కము ముందుగా నిచ్చి, తక్కినది తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని సమరయుడు చెప్పలేదా, అప్పుపెట్టుట పాపమా యని వాని వాదము. దానికి మా వార్డెను అమ్మగారు నవ్వి, “ఆ సమరయుడికి తిరిగొచ్చే దారి తెలుసు నాయనా, వీళ్లకి ఆ వీధి పేరైనా తెలుసా?” అనిరి. వాదము కొంతసేపు ఆగినది.

ఈ సంగతి ఇచ్చట వ్రాయవచ్చునా యని మేము చాల ఆలోచించితిమి. తుదకు ఆ బాలికయే వ్రాయుడనెను. మాలో నొకతె తల్లి కువైటుదేశమున నొక గృహమున పనిచేయుచున్నది. మా పాఠశాలలో నిది అరుదైన సంగతి కాదు. గోదావరిజిల్లాలనుండి, కడపప్రాంతమునుండి గల్ఫుదేశములకు పోయిన తల్లులు వేలకొలది. శుక్రవారము అచ్చట సెలవుదినము. మనకంటె రెండున్నర గంటలు వెనుకనుండు గడియారమును లెక్కించుకొని, ఆ సాయంకాలము వార్డెను అమ్మగారి టెలిఫోనుతో తల్లీబిడ్డలు మాటలాడుకొందురు. ఆ బాలిక ఈ పందెమును తల్లికి వర్ణించి చెప్పినది. కవరులు, పరుగు, టాక్సీ, బిచ్చము, అన్నియు. తల్లి అంతయు విని, “టాక్సీ ఆయనకి డబ్బులిచ్చేశారా, లేదా?” అని మొదట అడిగినది. ఎవరు గెలిచిరని అడిగినది తరువాత.

ఆపైన, “మాకూ ఒక కవరిచ్చారే. విప్పొద్దన్నారు. అక్కడ ఎవరడిగితే వాళ్లకి ఇచ్చెయ్యమన్నారు” అనినది.

ఆమె మొదటిసారి పోయినది 2017లో. ఆ కవరులో నేమున్నదో ఆమె చదువలేదు. చదువుటకు అక్షరములును రావు. విమానము దిగిన తరువాత తనవంటి స్త్రీలతో గూడ ఒక గదిలో కూర్చుండబెట్టిరట. యజమానులు ఒక్కొక్కరే వచ్చి తమవారిని పిలుచుకొనిపోవుచుండిరి. ఉదయమున దిగిన యామెకొరకు చీకటిపడువరకు ఎవరును రాలేదు. భాష తెలియదు, చోటు తెలియదు, చేతిలో నాదేశపు నాణెమొక్కటియు లేదు. అచ్చట నేల తుడుచు మనుష్యుడొకడు ఆమె చీరకట్టు చూచి, “ఏ ఊరమ్మా మీది?” అని తెలుగున అడిగెనట! సిరిసిల్ల ప్రాంతమువాడు. తన టెలిఫోను ఆమె చేతికిచ్చి ఇంటికి మాటలాడుమనెను. తాను తెచ్చుకొన్న రొట్టెలో సగమిచ్చెను. పనివేళ ముగిసినను, ఆమె యజమాని వచ్చువరకు ఆ దరిదాపులనే తిరుగుచుండెను. మాట చెప్పుచు చెప్పుచు ఆ తల్లి నిలిచి, “ఆయన పేరడగలేదే. గాబరాలో అడగలేదు” అనినది.

ఈ మాటలు విన్న తరువాత మాలో కొందరికి ఆ పందెముపైననే కోపము వచ్చెను. తిన్నయింటివారు లేమిని ఆటగా ఆడుచున్నారని వారి యభియోగము. ఏడువవలసినవారు ఏడ్చుచుండగా, ఇట్లు చిత్రింపబడి, చూడబడి, బహుమానముపొందు ఏడుపు ఏమి ఏడుపని కొందరనిరి. మరికొందరు ఒప్పలేదు. తోవ తెలియనివాని గుండెదడ ధనికునికైనను దడయే. ఆ దడను ఇంటిలో కూర్చుండి చూచినవారు రేపు తమ వీధిలో దిక్కుతోచక నిలిచినవానిని కొంత మెత్తగా చూతురేమో యనిరి. ఈ వ్యాసము వ్రాయునాటికిని ఇరుపక్షములును తగ్గలేదు. మా కందరకును ఒప్పుదలయైన దొక్కటే. పదవతరగతి తేరినవారికి పాసుపోర్టున ఒక సౌకర్యము కలదు. పరీక్ష తేరనివారు గల్ఫుదేశములకు కూలికి పోవలెనన్న ప్రభుత్వపు ప్రత్యేకానుమతి కావలెను. ఆ తరగతి స్త్రీలకు ముప్పదియేండ్లు నిండినగాని ఇంటిపనికి పోనియ్యరు. పరీక్ష తేరినవారికి ఆ యడ్డు లేదు. ఆ బాలిక తల్లి ప్రతి శుక్రవారమును, “ముందు పది పాసవ్వు. తర్వాత ఎక్కడికెళ్లినా కవరు నువ్వే విప్పుకుని చదువుకోవచ్చు” అని చెప్పుచుండును. గణితమునందు ఆమెకు సహాయము చేయుటకు మాలో నలుగురు వంతులు పెట్టుకొన్నారు. మార్చినెల దగ్గర పడుచున్నది.

వాదములతో తృప్తిపడక, సంక్రాంతికి ముందటి శనివారమున మా నరసాపురమునందే యొక పందెము జరిపితిమి. ఉపాధ్యాయులు అంగీకరించిరి, వార్డెను అమ్మగారు వీధి దాటుటనుగూర్చి అరగంట హితవుచెప్పి పంపిరి. పండ్రెండు జంటలు. ఒక్కొక్క జంటకు ఇరువది రూపాయలు. టెలిఫోనులు లేవు. పరుగెత్తరాదను నియమమును అమ్మగారు చేర్చిరి, కనుక ఇది నడకపందెమనుట న్యాయము. మేము చేర్చిన నియమము వేరొకటి. దారి చూపినవారు గాని, పని నేర్పినవారు గాని ఎవరైనను, వారి పేరు, ఊరు అడిగి పుస్తకమున వ్రాసికొన్నగాని తరువాతి కవరు ఇయ్యరాదు.

మొదటి కవరు రైలుస్టేషనుకు పంపినది. అచ్చట పని సులభము. టీ అమ్మువారిని అడిగి ఆదినమున వచ్చిపోవు రైళ్ల పేర్లు వ్రాసికొని రావలెను. రెండవది లేసు అల్లిక. పూర్వము మిషనువారు నేర్పిన ఈ పని మన ప్రాంతపు స్త్రీల చేతులలో నిలిచి, 2024లో భౌగోళిక గుర్తింపును కూడ పొందినదని పాఠకులకు తెలియును. రుస్తుంబాదలో అరుగులపై కూర్చుండి అల్లు మామ్మగారి యొద్ద కొక్కెపుసూది పట్టుట నేర్చి, ఒక్క చిన్నపువ్వు అల్లవలెను. మగపిల్లల చేతులలో దారము పడిన పాట్లు చెప్పనలవికాదు! ఒక మామ్మగారు, “పువ్వు కాదు నాయనా, చేపలవల అల్లావు” అనిరట. పువ్వొకటికి ఆ తల్లులకెంత కూలి ముట్టునో ఆదినముననే మాలో ననేకులు మొదటిసారి అడిగి తెలిసికొనిరి. ఆ యంకెను వారి మాట ప్రకారము ఇచ్చట అచ్చువేయలేదు.

మూడవ కవరు మాధవాయిపాలెము రేవునకు. పంటుమీద వసిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవున దిగి, అచ్చటినుండి వచ్చు ప్రయాణికులలో నొకరితో మాటలాడుచు తిరిగి ఈ యొడ్డునకు రావలెను. నీరు ఆటున నుండినందున పంటు నిదానముగ నడచినది. ముందువచ్చిన జంటలును వెనుకవచ్చిన జంటలును ఒక్క పంటుమీదనే కలిసికొని, అంతవరకు సంపాదించిన యాధిక్యమంతయు నీళ్లపాలయ్యెను. విమానాశ్రయములలో ఆ పందెగాండ్రకు జరుగునదియు సరిగా నిదియే. గెలిచిన జంటకు నిఘంటువులు రెండు బహుమానముగా నిచ్చితిమి. కడపట వచ్చిన జంట చీకటిపడునంతలో వచ్చిరి. పంటు నడపు బాబాయి, “మీ పేర్లు చెప్పకుండా నా పేరడిగితే ఎలాగర్రా? మీరెవరబ్బాయిలు?” అని యడుగగా, వాని తాత పేరు చెప్పుటతో చుట్టరికము బయటపడి, వారిని ఇంటికి తీసికొనిపోయి భోజనము పెట్టి పంపెనట. నియమములలో దీనికి శిక్ష లేదు. ఉండవలెనని ఎవరును కోరలేదు.

పేర్ల పుస్తకమున మొత్తము అరువదినాలుగు పేర్లు చేరినవి. వానిని మరల శుభ్రముగా వ్రాసి గ్రంథాలయమున నుంచితిమి. వ్రాయు దినమున, కువైటునందున్న తల్లిగల ఆ బాలిక కలము పుచ్చుకొని, అరువదియైదవ వరుసలో, “పేరు తెలియదు. ఊరు సిరిసిల్ల” అని వ్రాసినది. పుస్తకమును సరిచూచు లెక్కల పంతులుగారు, ఆ మనిషి మన పందెమున నెక్కడను లేడే యని యడిగి, సంగతి విని, వరుససంఖ్యకు ఎదురుగా ఎఱ్ఱసిరాతో సరిగుర్తు పెట్టిరి.